పీరు ముందు ఎవరింటికి

తెనాలి తిరిగొచ్చి నెల దాటింది. ఎవరు ఎదురుపడ్డా ఒకటే అడుగుతున్నారు, ఆ బొగ్గు ఊళ్ళలో చూడ్డానికి ఏముంది మాస్టారూ అని. తిరుపతి వెళ్ళొస్తే లడ్డూ అడుగుతారు, కాశీ వెళ్ళొస్తే దారాలు అడుగుతారు. గోదావరిఖని వెళ్ళొచ్చినవాణ్ణి ఏం అడగాలో తెలియక ఇలా అడుగుతున్నారు కాబోలు. నేనక్కడ చూసింది ఒక మనిషి ఒక ప్రశ్నతో పడిన అవస్థ. ఆ ప్రశ్నకు నా పాఠం కూడా కొంత కారణం. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. పని చేసుకుంటూ ఇంటి దగ్గరే చదువుకుని డిగ్రీ పరీక్షలు రాసేవాళ్ళకు వారం రోజులు పాఠాలు చెప్పమని కబురొస్తే వెళ్ళాను. బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ళకు రాజుల కథలు ఎందుకయ్యా అని మా ఆవిడ నవ్వింది. నిజం చెప్పాలంటే నాకూ ఆ అనుమానం ఉంది.

రామగుండం

తెల్లారేసరికి రైలు దిగాను. దూరంగా విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. వానాకాలం మొదలైనా ఆ రోజు చినుకు లేదు. పొద్దున్నే కాఫీ పడకపోతే నాకు లోకం మీద కోపం వస్తుంది. స్టేషన్ బయట హోటల్లో కాఫీ అడిగితే, లేదు సార్, చాయ్ ఉన్నది అన్నాడు హోటలాయన. రూపాయికి చిన్న గ్లాసు. చిక్కగా, తియ్యగా, పాలలో చాలాసేపు మరిగించినట్టుంది. రెండోది నేనే అడిగి తాగాను. ఆ వారమంతా కాఫీ మాటెత్తలేదు. ఇది మా ఆవిడ నమ్మడం లేదు.

గోదావరిఖనిలో నాకిచ్చిన గది ఓ మేడ మీద. స్నానం చేసి తెల్ల పంచె ఉతికి దండెం మీద ఆరేశాను. మధ్యాహ్నం తీసి చూస్తే అది బూడిదరంగు పంచె. ఎవరో నాది మార్చి పట్టుకుపోయారనుకుని కింద పోర్షన్ ఆవిడ మీద విసుక్కున్నాను కూడా. ఆవిడ నవ్వి, ఇక్కడ తెల్లవి లోపల ఆరేస్తరు సార్ అని చెప్పింది. క్షమాపణ చెప్పుకుంటే సాయంత్రం సర్వపిండి పంపించింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నెకు అద్ది కాల్చే రొట్టె అది. మా వైపు దిబ్బరొట్టె ఉంది గానీ ఇంత కరకర లేదు, ఇంత కారమూ లేదు. కళ్ళు తుడుచుకుంటూ మొత్తం తిన్నాను.

చిన్నపిల్లల బెంచీలు

క్లాసు ఒక ప్రైమరీ స్కూల్లో. ఎత్తు తక్కువ బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. పాతికమంది దాకా ఉంటారు. దవాఖానాలో నర్సు ఒకామె, ఆఫీసు గుమాస్తాలు కొందరు, మిగతావాళ్ళంతా గనుల్లో పనిచేసేవాళ్ళు. మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినవాళ్ళను ఇట్టే గుర్తుపట్టొచ్చు. ఎంత రుద్దినా కనురెప్పల అంచున బొగ్గు మిగిలిపోయి కాటుక పెట్టుకున్నట్టుంటారు.

ఆ రోజు పాఠం రాజుకు అధికారం ఎక్కణ్ణించి వచ్చిందనే దాని మీద. రాజు దేవుడి అంశ అని మన పాతకాలం వాళ్ళు చెప్పుకున్నారు. అశోకుడు ధర్మం ప్రకారమే పాలిస్తున్నానని రాళ్ళ మీద చెక్కించాడు. ఐరోపాలో మతగురువు కిరీటం పెడితేనే రాజు రాజయ్యాడు. కొన్నాళ్ళకు ఆ రాజులే, నేను దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పను అన్నారు. ఆ తర్వాత కొందరు ఆలోచనాపరులు పుట్టి, దేవుడు నీకు ఇచ్చినట్టు మాకు చెప్పలేదే, జనం ఒప్పుకుంటే నువ్వు రాజువి, లేకపోతే కావు అని వాదించారు. ఒకచోట రాజు తల పోయింది, ఇంకోచోట అధికారం పోయి కిరీటం ఒక్కటే మిగిలింది. ఇదే పాఠాన్ని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. మా కాలేజీలో ఈపాటికి సగంమంది ఆవలిస్తుంటారు.

ఇక్కడ ఎవరూ ఆవలించలేదు. వెనక బెంచీలోంచి రాయమల్లు అనే ఆయన లేచాడు. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. దేవుడిచ్చిండని రాజు అంటే కాయిదం చూపియ్యమనాలె సార్ అన్నాడు. అందరూ నవ్వారు.

నవ్వనిది ముందు బెంచీలో కూర్చున్న యాకూబ్ ఒక్కడే. నలభైకి దగ్గర పడ్డ మనిషి, గని వర్క్‌షాపులో ఫిట్టరు. చెయ్యెత్తి, నవ్వులు ఆగేదాకా ఆగి అడిగాడు.

"సార్, రాజును దించిండ్రు, మంచిదే. మరి ఆ రాజుకు కిరీటం పెట్టినాయన ఏమైండు? ఆయన హక్కు ఉన్నదా, రాజుతోటే పోయిందా?"

ఇరవై ఏళ్ళలో నన్నెవరూ ఇది అడగలేదు. కొన్నిచోట్ల ఉంది, కొన్నిచోట్ల పోయింది, జనంతో ఉన్నవాళ్ళు నిలబడ్డారు అని ఏదో సర్దిచెప్పాను. సరిగ్గా అప్పుడే ఎక్కడో సైరన్ మోగింది, కాసేపటికి నేల అదిరింది, కిటికీలు గలగలమన్నాయి. నేను బల్ల పట్టుకున్నాను. ఓసీల బ్లాస్టింగ్ సార్, ఏం ఫికర్ లేదు అని నర్సు ధైర్యం చెప్పింది. ఓసీ అంటే పైనుంచి మన్ను తీసేసి బొగ్గు తవ్వే పెద్ద క్వారీ. యాకూబ్ మాత్రం ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు.

యాకూబ్ ఇల్లు

క్లాసు అయ్యాక యాకూబ్ నా వెంటే గది దాకా నడిచాడు. పీర్ల పండగ నడుస్తోంది, రేపు మా కాలనీకి రావాలె సార్ అని పిలిచాడు. మరునాడు బస్సెక్కి వెళ్ళాను. మంథని వైపు అరగంట ప్రయాణం. క్వారీ కింద ఊరు పోతే, ఆ ఊరివాళ్ళందరికీ కట్టిన ఇళ్ళు అవి. ఒకే రకం ఇళ్ళు వరసలుగా ఉన్నాయి. పాత ఊరి పేరు నేనిక్కడ రాయను. అది ఇప్పుడు ఆ కాలనీవాళ్ళ నోట్లో తప్ప ఎక్కడా లేదు.

యాకూబ్ వాళ్ళమ్మను కాలనీలో అందరూ బీబమ్మ అంటారు. కొడుకుతో దక్కనీ ఉర్దూలో మాట్లాడుతుంది, నాతో తెలుగులో మాట్లాడింది. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి వేసి చేసిన మలీద ముద్ద చేతిలో పెట్టింది. మా వైపు చలిమిడి తిన్న నోటికి కొత్తగా అనిపించినా, రెండో ముద్ద వద్దనలేదు. తర్వాత ఆమే లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచి ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన కాగితం తెచ్చింది. ఉర్దూ రాత, మూలలు చిరిగిపోయాయి. యాకూబ్ తాతకు ఆ ఊరి దొర ఇచ్చిన పత్రం అది. ఊరి పీర్లకు ముజావర్‌గా, అంటే పీర్లను కనిపెట్టుకుని చూసుకునే మనిషిగా, ఆ వంశంవాళ్ళే ఉండాలని అందులో ఉంది. రెండెకరాల మాన్యం కూడా రాశారు. ఆ మాన్యం క్వారీలో పోయింది. ముజావర్ పని మాత్రం తాత నుంచి తండ్రికి, తండ్రి ఈ చలికాలంలో పోతే యాకూబ్‌కు వచ్చింది. పీరు ఎత్తడం అతనికి ఇదే మొదటిసారి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పదో రోజు పీరు బయటికి రాగానే ముందు దొర గడికే, అంటే కోటలాంటి ఆయన ఇంటికే వెళ్ళాలి. దొర దట్టీ కట్టి, ఎండుకొబ్బరి కుడుకల దండ వేసి, దండం పెట్టాకే మిగతా ఊరికి. దట్టీ అంటే పీరుకు చుట్టే రంగు గుడ్డ. గడి కూలిపోయింది, పెద్దదొర చనిపోయాడు. అయినా యాకూబ్ తండ్రి ఏటా పీరును క్వారీ అంచున మిగిలిన గడి దర్వాజ దాకా మోసుకెళ్ళి, ఎవరూ లేని ఆ గుమ్మం ముందు నిలబెట్టి వెనక్కి తెచ్చేవాడట. ఈ ఏడు ఆ దర్వాజ కూడా క్వారీలో పోతుంది. పెద్దదొర కొడుకును అందరూ చిన్నదొర అంటారు. హైదరాబాదులో ఉంటాడు, రాబోయే ఎన్నికల్లో నిలబడాలనుకుంటున్నాడు. ఆయన కబురు పంపాడు. పదో రోజు నేనే కాలనీకి వస్తాను, పీరును ముందు నా దగ్గరికి తేవాలి అని.

రాయమల్లుదీ ఈ కాలనీయే. ఆయనతో పాటు సగంమంది, పీరు దొర దగ్గరికి పోతే ఆ రోజు ఊదు కూడా వెయ్యం, తలుపులు మూసుకుంటాం అన్నారు. మిగతా సగం, ఆచారం తప్పితే పీరుకు కోపం వస్తుందని భయపడుతున్నారు. బీబమ్మ రెండో సగంలో ఉంది.

"మీరు క్లాసుల చెప్పిండ్రు గద సార్," అన్నాడు యాకూబ్. "దొరకు ముందు హక్కు లేదంటే, ఈ కాయిదం ఇచ్చిన హక్కు గూడ దొరకు లేనట్టే. అప్పుడు నేనెవణ్ణి?"

మీరైతే ఏం చేస్తరు అని కూడా అడిగాడు. మా తాత కరణం. చిన్నప్పుడు మా ఊళ్ళో పీర్లు ముందు మా ఇంటి అరుగు దగ్గరికే వచ్చేవి. మా నాయనమ్మ బిందెతో నీళ్ళు పోస్తుంటే నేను పక్కన నిలబడి గర్వంగా చూసేవాణ్ణి. ముందు మా ఇంటికే ఎందుకని ఒక్కనాడూ అనుకోలేదు. కరణీకాలు రద్దయి ఏడెనిమిదేళ్ళయింది. ఇప్పుడు ముందు ఎవరింటికి వెళుతున్నాయో కూడా నాకు తెలియదు. ఆ మాటే యాకూబ్‌కు చెప్పాను. చెబుతుంటే సిగ్గేసింది.

గడి దర్వాజ

సాయంత్రం ఎండ తగ్గాక ఆ దర్వాజ చూడ్డానికి నడిచాం. దారిలో పోశవ్వ కలిసి మాతో వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, కర్ర లేకుండా నాకన్నా ముందు నడిచింది. కొడుకు అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేస్తాడు.

దర్వాజ రెండు రాతి కంబాలు, పైన ఒక దూలం. అటు పక్క నేల లేదు. తొంగిచూస్తే మెట్లుమెట్లుగా దిగిపోయిన పెద్ద గొయ్యి, అడుగున అగ్గిపెట్టెలంత కనిపించే లారీలు. ఊరు అక్కడే ఉండేదని యాకూబ్ గాల్లోకి వేలు చూపించాడు. ఆ చోట నాకు గాలి తప్ప ఏమీ కనబడలేదు.

పోశవ్వ కొంగు బిగించి కంబానికి ఆనుకుని కూర్చుంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఈ గడిలో వెట్టికి వడ్లు దంచేదట. పండగనాడు కూడా దంచాలి. పీరు లోపలికి వెళితే దొరసానులందరి మొక్కులూ అయ్యేదాకా బయటికి రాదు. అప్పటిదాకా ఊరంతా ఎండలో బిందెలు పట్టుకుని నిలబడాలి. ఒక ఏడు చంకలో పసిబిడ్డతో నిలబడ్డానని, బిడ్డకు ఎండ తగిలిందని, మూడో రోజు పోయిందని చెప్పింది. కంట నీళ్ళు రాలేదు.

"పీరు మీద నాకు కోపం లేదు బిడ్డా," అంది యాకూబ్ వైపు చూసి. "పీరు గూడ లోపల నా లెక్కనే నిలబడ్డడు."

తిరిగి వచ్చేటప్పుడు యాకూబ్ పోశవ్వను ఇంటి దాకా దిగబెట్టాడు.

పదో రోజు

పొద్దున పది గంటలకే కాలనీ రోడ్డు నిండిపోయింది. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి గుమ్మాల ముందు పెట్టుకున్నారు. పీర్ల కొట్టం అంటే రేకుల షెడ్డు. ముందు నిప్పులు పోసే అలావ గుంట, అందులో బూడిద. మొదటి వరస చివర కారు ఆగింది. చిన్నదొర దిగాడు. నేను మీసాలు మెలేసే మనిషిని ఊహించుకున్నాను. ఈయన కళ్ళజోడు పెట్టుకుని మెత్తగా మాట్లాడే మనిషి. చేతిలో ఎర్ర దట్టీ ఉంది. నాకు నమస్కారం పెట్టి, మా నాన్న ఉన్నప్పుడు ఈ పండగ చూడాలండీ అన్నాడు. ఆ మాట నిజంగానే మనసులోంచి వచ్చినట్టుంది.

యాకూబ్ షెడ్డులోంచి పీరుతో బయటికి రావాలి. ఒట్టి చేతులతో వచ్చాడు. కాదు, చేతిలో ఆ ఆకుపచ్చ గుడ్డ ఉంది. డప్పులు ఆపమని సైగ చేశాడు. బీబమ్మ షెడ్డు పక్కనే నిలబడి ఉంది, కొడుకు చేతిలో కాగితం చూసి ఆమె ముఖం మారిపోయింది.

"ఇది దొర ఇచ్చిన కాయిదం," అన్నాడు యాకూబ్. "దీన్ని పట్టుకొని పీరు ఎత్తితే, ముందుగాల దొర దగ్గరికి పోవాలె. నాకు గది ఇష్టం లేదు. దీన్ని పక్కకు పెడుతున్న. ఇగ నాకు ఏ హక్కు లేదు. మీరు ఎత్తుమంటే ఎత్తుత. వద్దంటే ఇంకెవ్వరన్న ఎత్తుండ్రి."

కాగితాన్ని షెడ్డు అరుగు మీద పెట్టి పక్కకు జరిగాడు. ఎవరూ మాట్లాడలేదు. క్లాసులో చెప్పేటప్పుడు ఈ ఘట్టం రెండు వాక్యాల్లో అయిపోతుంది. జనం ఒప్పుకున్నారు అని రాసుకోండి అంటాను, రాసుకుంటారు. ఒప్పుకునే ముందు జనం ఎంతసేపు ఊరుకుంటారో, ఆ కాసేపట్లో అడిగినవాడి ముఖం ఎలా ఉంటుందో ఏ పుస్తకంలోనూ చదవలేదు. బీబమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. "తేరే బావా కిసీకు నై పూఛే," అంది. మీ నాన్న ఎవర్నీ అడగలేదు అని.

చిన్నదొర ఎర్ర దట్టీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

ముందు మాట్లాడింది రాయమల్లు. దొర దగ్గరికి వద్దన్నవాడే గనుక వెంటనే ఎత్తమంటాడనుకున్నాను. ఆయన వరసల వైపు చూసి, నెమ్మదిగా అన్నాడు.

"ఈ ఏడు నువ్వే ఎత్తు యాకూబన్నా. మళ్ళ ఏడు గూడ గిట్లనే వచ్చి అడుగు. అప్పుడు జూస్తం."

గుంపులోంచి అవునవును అన్నారు చాలామంది. యాకూబ్ మొహంలో నెత్తురు తగ్గడం నేను చూశాను. వంశమంతటికీ ఉన్న పని ఒక్క ఏడాదికి వచ్చింది. అతను ఇది అనుకుని ఉండడు. నేనైతే అనుకోలేదు. అయినా తలూపాడు.

మరి ముందు ఎవరింటికి అనే గొడవ మొదలైంది. మొదటి వరసవాళ్ళు మొదటి నంబరు ఇంటి నుంచి అన్నారు. ముసలివాళ్ళున్న ఇళ్ళు ముందు అని ఇంకొకరు. పోశవ్వ బిందె దించి అందరినీ కసిరింది.

"రెండో షిఫ్టుకు పోయేటోళ్ళు ఉన్నరు. ఆళ్ళు గనిలకు దిగాలె. ముందుగాల ఆళ్ళ ఇండ్లకు పోవాలె. మిగిలినోళ్ళం యాడికి పోతం, ఈడనే ఉంటం."

దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరెవరికి మధ్యాహ్నం డ్యూటీ ఉందో అప్పటికప్పుడు అడిగారు. పద్నాలుగు ఇళ్ళు తేలాయి. పోశవ్వ కొడుకుది మొదటి షిఫ్టు, పొద్దున్నే వెళ్ళిపోయాడు. అంటే ఆమె ఇల్లు ఆ పద్నాలుగింట్లో లేదు. ఆమె మళ్ళీ బిందె చంకనెత్తుకుని తన వరసలో నిలబడింది.

యాకూబ్ లోపలికి వెళ్ళి పీరు ఎత్తుకుని వచ్చాడు. డప్పులు అందుకున్నాయి. ఊదు పొగలో ఇల్లిల్లూ తిరిగాడు. టిఫిన్ డబ్బాలు పట్టుకుని తయారై ఉన్నవాళ్ళు దట్టీలు కట్టి, దండం పెట్టుకుని, బస్సు కోసం పరుగెత్తారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆడవాళ్ళు అతని కాళ్ళ మీద నీళ్ళు పోశారు. చిన్నదొర కార్లో కూర్చుని అరగంట చూశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. దిగి, చెప్పులు విప్పి, ఆ బురదలో నడిచి వచ్చి మూడో వరసలో జనంతో పాటు నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు ఎర్ర దట్టీ కట్టి వెళ్ళిపోయాడు. ఆయనకు ఎవరూ దారి ఇవ్వలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు.

తిరుగు ప్రయాణం

మరునాడు యాకూబ్ డ్యూటీ దిగి నన్ను రైలెక్కించడానికి స్టేషన్‌కు వచ్చాడు. అరికాళ్ళు నానిపోయి ఉన్నాయని కుంటుతున్నాడు. బీబమ్మ మాట్లాడుతోందా అని అడిగాను. లేదట. అన్నం పెడుతోంది గానీ మాట్లాడడం లేదట. నా మనుమడికి ఏం మిగిలిచ్చినవ్ అని ఒక్కసారి అడిగి ఊరుకుందట.

ఆ ముసలమ్మ కోపం న్యాయమైనదే అనిపించింది నాకు. నేను పాఠం చెప్పి రైలెక్కేస్తున్నాను, తన ఇంట్లో తరాలుగా ఉన్నదాన్ని నడిరోడ్డు మీద పెట్టినవాడు యాకూబ్. తప్పు చేశాననిపిస్తోందా అని అడిగాను. అడిగాక, అడక్కుండా ఉండాల్సింది అనుకున్నాను.

అతను నా సంచీ అందుకుని భుజానికి తగిలించుకున్నాడు.

"మా నాయిన ఒక్క దొరకే భయపడేటోడు సార్," అన్నాడు. "నేను ఇగ రెండు వందల ఇండ్లకు భయపడాలె. మళ్ళ ఏడు ఏమంటరో, ఎవరికెరుక."

రైలు వచ్చింది. నా సంచీ లోపల పెట్టి, కిందికి దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"గానీ సార్, నిన్న నా కాళ్ళ మీద నీళ్ళు పోసినోళ్ళందరు నన్ను పేరు పెట్టి పిలిచిండ్రు. ఇన్నేండ్లు మా నాయిన్ను ముజావర్ అనే పిలిచిండ్రు. ఆయన పేరు ఖాసిం అని సగంమందికి ఎరుకనే లేదు."